పట్టుకున్నాక ఏం చేయిస్తుంది? మాన్‌స్టర్ గేమ్ కొనే ముందు

వ్యాఖ్యాత: నమస్కారం, చర్చా కార్యక్రమానికి స్వాగతం. హ్యాండ్‌హెల్డ్ కన్సోల్‌లో వింత జీవుల్ని పట్టి, పెంచి, బరిలోకి దింపే గేములు ఇవాళ్టి అంశం. అలాంటి గేమ్ కొనాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలి? స్టూడియోలో ముగ్గురున్నారు: గేమ్ సమీక్షకురాలు, పోకెమాన్ పోటీలకు ఆటగాళ్లను తయారుచేసే శిక్షకుడు, పాత కార్ట్రిడ్జ్‌లు బాగుచేసే టెక్నీషియన్. మేడం, మీతో మొదలుపెడదాం. ఫలానా గేమ్‌లో 400 జీవులున్నాయి, ఇంకో దాంట్లో 500 ఉన్నాయి అంటుంటారు. ఆ అంకె చూసి కొనొచ్చా?

సమీక్షకురాలు: ఆ అంకె పక్కన పెట్టండి. 1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ రెడ్, గ్రీన్‌లలో మొత్తం జీవులు 151. ఆ గేములకు ఇప్పటికీ అభిమానులున్నారు. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: పట్టుకున్న జీవితో ఆ గేమ్ మీ చేత ఏం చేయిస్తుంది? పట్టడం అరనిమిషం పని. ఆ తర్వాత అది బాక్సులో, అంటే పట్టినవాటిని దాచే చోట, మూలన పడి ఉంటుందా, మళ్లీ చేతిలోకి తీసుకోవాల్సిన అవసరం వస్తుందా? పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్‌లలో 32 బాక్సులుంటాయి, ఒక్కోదాంట్లో 30 పడతాయి. అంటే 960. మీ టీమ్‌లో చోటు మాత్రం ఆరింటికే. బాక్సుల్లో పడే ఆ 960 ఎందుకు అన్నదానికి మీ దగ్గర జవాబుంటే ఆ గేమ్ మీదే.

వ్యాఖ్యాత: అన్ని గేముల్లోనూ ఇంతేనా?

సమీక్షకురాలు: కాదండీ, తేడా అంతా అక్కడే ఉంది. డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్: ది డార్క్ ప్రిన్స్ 2023 డిసెంబర్ 1న నింటెండో స్విచ్ కన్సోల్‌కు వచ్చింది. అందులో లెవెల్ 10 చేరిన రెండు జీవుల్ని కలిపితే మూడోది పుడుతుంది. కలిపిన రెండూ పోతాయి, పుట్టింది మళ్లీ లెవెల్ 1 నుంచి మొదలవుతుంది, పెద్దల నైపుణ్యాలు కొన్ని దానికి వస్తాయి. కాబట్టి అక్కడ పట్టిన ప్రతి చిన్న జీవీ ముడిసరుకే, వృథాగా పడి ఉండేది తక్కువ. కానీ ఒకే జీవిని మొదటి నుంచి చివరిదాకా వెంట తిప్పుకోవాలనుకునే వారికి ఆ పద్ధతి మనసుకు పట్టదు. మాన్‌స్టర్ శాంక్చువరీలోనైతే పోకెమాన్‌లోలా బంతి విసిరి పట్టడమే లేదు. మూడు జీవులు మూడింటితో తలపడతాయి, ఎంత బాగా గెలిచారన్నదానికి నక్షత్రాలు పడతాయి, నక్షత్రాలు పెరిగేకొద్దీ గుడ్డు దొరికే అవకాశం పెరుగుతుంది. పోరాటం నచ్చని వారికి ఆ గేమ్‌లో సేకరణ కూడా సాగదు. క్యాసెట్ బీస్ట్స్‌లో జీవిని టేపు మీద రికార్డు చేస్తారు. రికార్డు చేస్తుండగా ఎదుటి జీవికి దెబ్బ తగిలితే అది చిక్కే అవకాశం పెరుగుతుంది, చేసేవాడికి దెబ్బ తగిలితే తగ్గుతుంది. చిన్న మార్పే, కానీ పట్టే ఆ అరనిమిషంలోనే ఒక నిర్ణయం పుడుతుంది.

శిక్షకుడు: మేడం చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఆ 960 ఎందుకంటే, నాలాంటి వారికి జవాబు పోటీ. ఒకే జాతి పోకెమాన్ రెండు పట్టినా అవి రెండూ ఒకటి కావు. దాడి, వేగం లాంటి ఆరు గుణాల్లో ప్రతిదానికీ పుట్టుకతో 0 నుంచి 31 దాకా ఒక అంకె ఉంటుంది. దాని మీద 25 స్వభావాలు. వాటిలో ఐదు ఏమీ మార్చవు, మిగతా 20 స్వభావాల్లో ప్రతిదీ ఒక గుణాన్ని పది శాతం పెంచి ఇంకోదాన్ని పది శాతం తగ్గిస్తాయి. ఇక శిక్షణ పాయింట్లు: మొత్తం 510, ఒక్క గుణానికి 252కి మించవు. లెవెల్ 100 దగ్గర నాలుగు పాయింట్లకు ఒకటి చొప్పున గుణం పెరుగుతుంది.

వ్యాఖ్యాత: ఇదంతా కొత్తగా కొనేవాళ్లకు అవసరమా సార్?

శిక్షకుడు: కథ పూర్తి చేయడానికి అక్కర్లేదు. కానీ తోటి ఆటగాళ్లతో తలపడాలని కొంటున్నారా? అప్పుడు ఏ తరం గేమ్ కొంటున్నారన్నది చాలా ముఖ్యం. పాత గేముల్లో మంచి జీవి కోసం గుడ్ల మీద గుడ్లు పొదిగించాలి. స్కార్లెట్, వయొలెట్‌లలో లెవెల్ 50 రాగానే బాటిల్ క్యాప్ అనే వస్తువు ఇచ్చి పుట్టుక అంకెను గరిష్ఠానికి తేవచ్చు. సన్, మూన్‌లలో దానికి లెవెల్ 100 కావాలి. స్వభావం నచ్చకపోతే మింట్ అనే వస్తువు వాడితే చాలు. వేగం పాయింట్లు సున్నా నుంచి 252కి తేవాలంటే కార్బోస్ అనే మందు 26 కావాలి: ఒక్కోటి పది పెంచుతుంది, 25తో 250, ఇరవై ఆరోది మిగతా రెండూ నింపుతుంది. డబ్బు ఆటలోదే. పోటీకి సిద్ధపడే శ్రమ పాతవాటితో పోలిస్తే నాలుగోవంతు కూడా లేదంటాను.

సమీక్షకురాలు: మరి ఆ గేమ్‌లోని లోపాలు కూడా చెప్పాలి కదండీ.

శిక్షకుడు: తప్పకుండా, చెప్పండి.

సమీక్షకురాలు: స్కార్లెట్, వయొలెట్ 2022 నవంబర్ 18న వచ్చాయి. మొదటి స్విచ్‌లో ఫ్రేములు పడిపోతుంటాయి. దూరంగా నడిచే మనుషులు బొమ్మల పుస్తకం తిప్పినట్టు తెగి తెగి కదులుతారు. స్విచ్ 2కి 2025లో ఉచిత అప్‌డేట్ వచ్చాక అందులో ఆట సాఫీగా సాగుతోంది. కాబట్టి సమీక్ష చదివేటప్పుడు అది ఏ కన్సోల్ మీద ఆడి రాశారో ముందు చూడండి. రెండో లోపం, మ్యాప్ అంతా తెరిచి ఎటైనా వెళ్లమంటుంది కానీ జిమ్‌ల, అంటే ఒక్కో నాయకుణ్ణి ఓడించాల్సిన పోటీ స్థలాల, లెవెళ్లు మీతోపాటు మారవు. పురుగుల జిమ్‌లో కేటీ దగ్గర లెవెల్ 14, 15 ఉంటాయి. మంచుకొండ మీద గ్రూషా దగ్గర 47, 48. దారి తప్పి పైకి వెళ్తే చిత్తుగా ఓడతారు, తిరిగొచ్చి కిందివాటితో ఆడితే గెలుపులో రుచి ఉండదు. లెవెళ్ల వరుసను ముందే తెలుసుకుని వెళ్తే ఈ రెండూ తప్పుతాయి. ఇంకొకటి, అనుభవం టీమ్‌లో అందరికీ పంచే పద్ధతి స్వోర్డ్, షీల్డ్ నుంచి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఆపలేరు. కష్టపడి గెలవడం ఇష్టమైనవాళ్లు టీమ్‌ను తరచూ మార్చుకుంటూ ఉండాలి. అలా మారుస్తుంటే బాక్సులో ఉన్నవాటికీ పని దొరుకుతుంది.

వ్యాఖ్యాత: వెర్షన్ల మాటకొద్దాం. ఒకే గేమ్‌ను రెండు పేర్లతో అమ్ముతారు. రెండూ కొనాలా?

శిక్షకుడు: ఒక్కటి చాలు, కానీ రెండో మనిషి కావాలి. మొదటి గేమ్ నుంచీ కట్టుబాటు ఇదే. రెడ్‌లో దొరికేవి కొన్ని గ్రీన్‌లో దొరకవు, గ్రీన్‌లోవి కొన్ని రెడ్‌లో లేవు. కడాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్ ఈ నాలుగూ ఇంకొకరికి ట్రేడ్ చేస్తేనే తర్వాతి రూపానికి ఎవాల్వ్ అవుతాయి. ఈవీ ఒక్కో కార్ట్రిడ్జ్‌లో ఒక్కటే ఇస్తారు, దానికి మూడు రూపాలు. ఎన్ని గంటలు ఆడినా ఒంటరిగా పట్టిన జాతుల పట్టిక నిండదు, లింక్ కేబుల్ అవతల ఒకరుండాలి. ఇప్పటికీ అంతే. స్కార్లెట్‌లో లార్విటార్ దొరుకుతుంది, వయొలెట్‌లో బేగాన్. ఫినిజెన్ అనే డాల్ఫిన్ ఉంది, లెవెల్ 38 దాటినా ఒంటరిగా ఆడితే ఎవాల్వ్ కాదు. యూనియన్ సర్కిల్ అనే కలిసి ఆడే పద్ధతిలో ఇంకో ఆటగాడితో ఉన్నప్పుడు దాని లెవెల్ పెంచాలి. నలభైకి, యాభైకి తీసుకెళ్లి ఎందుకు మారట్లేదని వాపోయేవాళ్లు చాలామంది.

వ్యాఖ్యాత: ఆ రెండో మనిషి దగ్గర్లో లేకపోతే?

శిక్షకుడు: పక్కపక్కన కూర్చుని చేసే ట్రేడ్‌కు చందా అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో చేయాలంటే నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా కట్టాలి. గేమ్ ఖర్చు లెక్కేసేటప్పుడు దీన్నీ కలపండి. పాత గేముల నుంచి తెచ్చుకునేవి ఉంటే జీవుల్ని దాచుకునే ఆన్‌లైన్ సేవ పోకెమాన్ హోమ్ కూడా: ఉచితంగా 30 పడతాయి, చందా కడితే 6,000. అదనపు కథలు కొనేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. స్కార్లెట్‌కు కొన్న ప్యాక్ వయొలెట్‌లో పనిచేయదు. ఏ వెర్షన్ ఉందో దానికే కొనాలి.

వ్యాఖ్యాత: పాత గేముల దగ్గరకొద్దాం. సార్, వాడిన కార్ట్రిడ్జ్ కొనేవారు ఏం చూడాలి?

టెక్నీషియన్: ముందు సేవ్, అంటే ఆడినంత ఆట నమోదు, ఎక్కడ ఉంటుందో తెలియాలండీ. నింటెండో పాత హ్యాండ్‌హెల్డ్‌లలో, గేమ్‌బాయ్ నుంచి డీఎస్, 3డీఎస్ దాకా, సేవ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది. స్విచ్‌లో కన్సోల్‌లో ఉంటుంది. అందుకే డీఎస్ కార్ట్రిడ్జ్ కొంటే పాత యజమాని ఆట కూడా దాంతోపాటే వస్తుంది. తొందరపడి చెరిపేయకండి, లోపల ఏ పోకెమాన్ ఉన్నాయో చూడండి. చెరపాలంటే గేమ్‌బాయ్ అడ్వాన్స్, డీఎస్ గేముల్లో టైటిల్ తెర దగ్గర పై బాణం, సెలెక్ట్, బీ మూడూ కలిపి నొక్కాలి.

వ్యాఖ్యాత: బ్యాటరీ సంగతి?

టెక్నీషియన్: దాన్ని రెండు రకాలుగా చూడాలి. గోల్డ్, సిల్వర్, క్రిస్టల్‌లలో సేవ్‌నూ గడియారాన్నీ ఒకే సీఆర్2025 బ్యాటరీ నిలబెడుతుంది. అది అయిపోతే సేవ్ పోతుంది. కొత్తది వేయడానికి పాతది తీసినా పోతుంది. రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లలో సేవ్ ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది, సీఆర్1616 బ్యాటరీ గడియారానికి మాత్రమే. ఆట మొదలుపెట్టగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని సందేశం వస్తే గాబరా పడొద్దు. ఆట మొత్తం ఆడుకోవచ్చు, కాయల మొక్కలు పెరగడం లాంటి గడియారపు పనులే ఆగుతాయి. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లలో గడియారమే లేదు, బ్యాటరీ గొడవా లేదు.

వ్యాఖ్యాత: మార్చుకోవడం ఇంట్లో అయ్యే పనేనా?

టెక్నీషియన్: టంకం పెట్టడం వచ్చినవాళ్లకే. గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్ స్క్రూకు 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ కావాలి, అడ్వాన్స్‌ది మూడు పాయల స్క్రూ. బ్యాటరీకి రేకులు వెల్డింగ్‌తో అతికించి ఉంటాయి. రేకులతో వచ్చే బ్యాటరీనే కొనండి. మామూలు బ్యాటరీ మీద నేరుగా టంకం పెడితే వేడికి పగిలే ప్రమాదం ఉంది. ఇక రూబీలో కొత్త బ్యాటరీ వేసి పాత సేవ్‌తోనే కొనసాగితే మొక్కలు వెంటనే పెరగవు. గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది, సేవ్‌లో రాసి ఉన్నది పాత సమయం. ఆ సమయాన్ని దాటేదాకా అంతా ఆగినట్టే ఉంటుంది. బ్యాటరీ బాగోలేదని మళ్లీ మళ్లీ మార్చేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

సమీక్షకురాలు: నకిలీల గురించి కూడా చెప్పండి. ఎక్కువమంది నష్టపోయేది అక్కడే.

టెక్నీషియన్: అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌ను వెలుతురులో వాలుగా పట్టుకుని లేబుల్ చూడండి. అసలు దాని మీద రెండు అంకెల గుర్తు ముద్ర కొట్టినట్టు లోపలికి నొక్కి ఉంటుంది. అచ్చు రంగు కాదు, గుంట. ఆ గుంట అరిగిపోయి లీలగా ఉన్నా వాలులో నీడ పడుతుంది. తర్వాత కింద కాంటాక్టుల సందులోంచి బోర్డు అంచు చూడండి, నింటెండో పేరు కనబడాలి. ఎమరాల్డ్ డొల్ల కాంతి దూరే ఆకుపచ్చ, మట్టి రంగులోనో బూడిద రంగులోనో ఉంటే వదిలేయండి. డీఎస్‌లో హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్, బ్లాక్, వైట్ కార్ట్రిడ్జ్‌లు నల్లగా ఉంటాయి. కానీ లోపల ఇన్‌ఫ్రారెడ్ భాగం ఉండటంతో గట్టి లైటుకు అడ్డంగా పెడితే ముదురు ఎరుపు కనిపిస్తుంది. బూడిద రంగులో ఉన్నది అసలుది కాదు.

వ్యాఖ్యాత: ఆడి చూస్తే తెలియదా?

టెక్నీషియన్: మొదట్లో తెలియదండీ, అదే బాధ. కొన్ని నకిలీలు మామూలుగా సేవ్ అవుతాయి, ఆట చివర్లో ఎదురయ్యే ఎలీట్ ఫోర్ అనే నలుగురిని గెలిచి చివరి సేవ్ పడే దగ్గర చెడిపోతాయి. అన్ని గంటల శ్రమా పోయినట్టే. అసలు దాని లాభం ఇంకొకటుంది. అడ్వాన్స్ గేమ్‌లోని పోకెమాన్‌ను డీఎస్ రెండో స్లాట్ ద్వారా నాలుగో తరానికి, అక్కడి నుంచి ఐదో తరానికి, తర్వాత 3డీఎస్‌లోని పోకెమాన్ బ్యాంక్ అనే యాప్ మీదుగా హోమ్‌కు తేవచ్చు. ఇది ఒకవైపు దారి, వెనక్కి పంపలేరు. నకిలీలను ఆ దారి చాలాసార్లు గుర్తించదు. రెండో స్లాట్ మొదటి డీఎస్‌లో, డీఎస్ లైట్‌లో మాత్రమే ఉంది. 3డీఎస్ ఈషాప్ అనే ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు 2023 మార్చి 27న ఆగిపోయాయి. కాబట్టి బ్యాంక్ ముందే దించుకుని ఉన్న 3డీఎస్ లేకపోతే ఈ ఆశతో పాత గేమ్ కొనొద్దు.

వ్యాఖ్యాత: స్విచ్‌లో సేవ్ కన్సోల్‌లో ఉంటుందన్నారు. కన్సోల్ పాడైతే?

టెక్నీషియన్: స్కార్లెట్, వయొలెట్ సేవ్‌లు క్లౌడ్‌లోకి వెళ్లవు. చందా కట్టినా వెళ్లవు. కన్సోల్ పోతే ఆట పోయినట్టే. ప్రాణంగా పెంచుకున్నవాటిని హోమ్‌లో పెట్టుకుంటే అవైనా మిగులుతాయి. కొత్త కన్సోల్ కొని పాతది అమ్మేస్తుంటే సెట్టింగ్స్‌లో సేవ్ డేటా ట్రాన్స్‌ఫర్ చేశాకే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ వరుస తారుమారు కావొద్దు.

వ్యాఖ్యాత: చివరగా ఒక్కటి. ఒక్కడే ఆడతాడు, ట్రేడ్‌కు ఎవరూ లేరు, ఆన్‌లైన్ చందా కట్టడు. అతనికి ఏది?

సమీక్షకురాలు: పోకెమాన్ లెజెండ్స్: ఆర్సియస్. 2022 జనవరి 28న వచ్చింది, ఒకే వెర్షన్. హాంటర్ లాంటివాటికి ట్రేడ్ బదులు లింకింగ్ కోర్డ్ అనే వస్తువు వాడితే సరిపోతుంది. పట్టికలో 242 ఉంటే షేమిన్, డార్క్‌రాయ్‌లకు మాత్రమే వేరే పోకెమాన్ గేముల సేవ్ కావాలి, మిగతావన్నీ ఒంటరిగా నింపవచ్చు. పైగా ఒక్కో జాతిని ఒకసారి పట్టగానే పని తీరదు. ఎన్ని పట్టారు, ఏ దాడి ఎన్నిసార్లు చూశారు, వెనక నుంచి చడీచప్పుడు లేకుండా ఎన్ని పట్టారు అని పనుల జాబితా ఉంటుంది. పది స్థాయి పరిశోధన పూర్తయితేనే ఆ జాతి ముగిసినట్టు. మొదట నేనడిగిన ప్రశ్నకు దాని జవాబు ఇది.

శిక్షకుడు: ఒంటరి ఆటకు నేనూ ఒప్పుకుంటాను. కానీ తోటి ఆటగాడితో పోరాటం అందులో లేనేలేదు. రేపు పోటీలకు వెళ్లాలనిపిస్తే ఆ గేమ్ చాలదని తెలిసి కొనాలి.

టెక్నీషియన్: వాడినది దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు. అందులో బ్యాటరీ లేదు, పాతవాళ్ల సేవ్ రాదు. అమ్మేవాళ్ల ముందే మీ కన్సోల్‌లో పెట్టి ఆట మొదలయ్యేదాకా ఆగండి, తర్వాతే డబ్బివ్వండి.