సోడా అడిగితే ఎక్కడ ఏమిస్తారు?

[తెర మీద: గోలీ సోడా సీసా. బొటనవేలు గోలీని లోపలికి నొక్కుతుంది. కీచుమని చప్పుడు, నురగ.]

మనకు సోడా అంటే గ్యాసు నీళ్ళే. తీపి ఉండదు. కావాలంటే నిమ్మకాయ పిండించుకుని చిటికెడు ఉప్పు వేయించుకుంటాం.

న్యూయార్క్ హోటల్లో ఇదే మాట చెబితే "ఏ సోడా?" అని ఎదురడుగుతారు. కోకా, స్ప్రైటా, ఫాంటానా అన్నమాట. అక్కడ తీపి కూల్‌డ్రింకే సోడా. అదే ఏథెన్స్‌లో "మియా సోద" అనండి. అచ్చం మన సోడానే తెచ్చి పెడతారు, చల్లగా, చప్పగా.

[తెర మీద: మూడు గ్లాసులు పక్కపక్కన. ఒకటి నల్లగా, రెండు తెల్లగా.]

అమెరికా మొత్తం ఒకే మాట కూడా కాదు. ఈశాన్య రాష్ట్రాల్లో, కాలిఫోర్నియాలో, సెయింట్ లూయిస్ చుట్టుపక్కల సోడా. మిడ్‌వెస్ట్‌లో పాప్. దక్షిణాన చాలాచోట్ల ఏ కూల్‌డ్రింకైనా కోకే. బ్రిటన్‌లో సోడా అంటే ఇప్పటికీ విస్కీలో పోసుకునే గ్యాసు నీళ్ళే ముందు గుర్తొస్తాయి.

అమెరికాలో మన సోడా కావాలంటే క్లబ్ సోడా అనో సెల్ట్‌జర్ అనో అడగాలి. క్లబ్ సోడాలో వంటసోడా లాంటి లవణాలు కొంచెం కలుపుతారు, సెల్ట్‌జర్‌లో గ్యాసు తప్ప ఏమీ ఉండదు. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళకు రెండోదే మేలు. టానిక్ వాటర్ తీసుకుంటే మాత్రం దెబ్బతింటారు. అందులో క్వినైన్ చేదు, పైన చక్కెర. ఇక క్రీమ్ సోడాలో సాధారణంగా క్రీమే ఉండదు, వెనిల్లా వాసన ఉంటుంది.

[తెర మీద: సముద్రపొడ్డు మొక్కలు, మంట, బూడిద.]

గ్యాసు నీళ్ళకు ఈ పేరెలా వచ్చింది? మొదట సోడా అంటే పొడి. సముద్రపొడ్డున ఉప్పు నేలల్లో పెరిగే మొక్కల్ని కాల్చిన బూడిదలో దొరికే క్షారం. గాజుకీ సబ్బుకీ అదే ముడిసరుకు. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, బీరు పులిసే తొట్టె మీద నీళ్ళ పాత్ర పెట్టి, పైకి వచ్చే గ్యాసును ఆ నీళ్ళలోకి పట్టించాడు. తర్వాత ఊట నీళ్ళలా ఉండాలని గ్యాసు నీళ్ళలో సోడా పొడి కలిపి మందుగా అమ్మారు. పోనుపోను పొడి మానేశారు, పేరు ఉండిపోయింది. అమెరికా మందుల షాపుల్లో ఆ నీళ్ళకే సిరప్పులు తోడయ్యాయి. చివరికి పేరు ఆ తీపికే అంటుకుంది.

1807లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కాస్టిక్ సోడా నుంచి ఒక లోహాన్ని విడదీసి సోడియం అన్నాడు. దాని గుర్తు మాత్రం ఎన్ఏ. నాట్రియం అన్న లాటిన్ పేరు నుంచి తీసింది. దాని వెనక ఉన్నది సోడా పొడికి వాడిన పాత గ్రీకు మాట నిత్రోన్. తమాషా ఏమిటంటే, ఈనాటి గ్రీకులో మూలకాన్ని నాత్రియో అంటారు, పొడిని మాత్రం బయటి మాటతో సోద అంటారు. నిత్రో అంటే సూరేకారం అయిపోయింది.

[తెర మీద: నోటి దగ్గరి షాట్. నాలుక కొస పళ్ళ మధ్య.]

గ్రీకులో పలకడం: మన "డా" కాదు. నాలుక కొస పళ్ళ మధ్యకు తెచ్చి మెత్తగా "ద". ఊనిక మొదటి అక్షరం మీద: సోద. ఊనిక చివరికి జారి "సోద్యా" అయితే పంట, దిగుబడి అని అర్థం. అది వేరే మాట. కూల్‌డ్రింకులకు గ్రీకు మాట అనప్సిక్తికో. కడుపు బరువుగా ఉన్నప్పుడు సోదలో నిమ్మరసం పిండుకుని తాగడం వాళ్ళకూ అలవాటే.

వంటింట్లోకి వస్తే సోద ఫయితూ, అంటే తిండి సోడా. మన "తినే సోడా"కి ఇంతకంటే దగ్గరి మాట ఇంకో భాషలో వెతకాల్సిందే! డబ్బా మీద మాయిరికీ సోద, వంటసోడా, అని కూడా ఉంటుంది.

[తెర మీద: గిన్నెలో నారింజ రసం. చెంచాడు సోడా పడగానే నురగ అంచు దాకా లేస్తుంది.]

క్రిస్మస్‌కి చేసే తేనెపాకం బిస్కెట్లు మెలొమాకారొనా. ఆ వంటకంలో "సోడాను నారింజ రసంలో ఆర్పండి" అని ఉంటుంది. నిప్పును ఆర్పడానికి వాడే క్రియే ఇక్కడా. అరకప్పు రసానికి ఒక టీస్పూన్, అంటే సుమారు 5 గ్రాములు. గిన్నె రసానికి మూడింతలు పెద్దదిగా ఉండాలి, లేకపోతే గట్టు మీదంతా పొంగిపోతుంది. నురగ లేవగానే పిండిలో పోసెయ్యాలి. నురగ అణిగేదాకా ఆగితే గ్యాసు చాలావరకు గాలిలోనే పోతుంది. మరి ముందే కలపడమెందుకు? పొడి సరిగ్గా కరగకపోతే బిస్కెట్లో పసుపు మచ్చలు, సబ్బు రుచి వస్తాయి కాబట్టి.

ఇంగ్లీషు వంటల్లో ఒట్టి సోడా అని ఉంటే వంటసోడాయే, బేకింగ్ పౌడర్ కాదు. సోడా చాలా ఘాటు. ఒక టీస్పూన్ సోడా పనికి సుమారు మూడు టీస్పూన్ల పౌడర్ పడుతుంది. పౌడర్ బదులు అంతే సోడా వేస్తే కేకు నల్లబడి చేదెక్కుతుంది. పైగా సోడాకు మజ్జిగో పెరుగో నిమ్మరసమో, ఏదో ఒక పులుపు తోడుండాలి.

[తెర మీద: మూడు పొడులు, పక్కన పీహెచ్ కాగితాలు.]

ఒకే పేరు మోసే మూడు పొడుల్ని మాత్రం కలగాపులగం చెయ్యకండి. పీహెచ్ అంటే పులుపు, క్షారాల కొలత; 7 కంటే ఎంత పైకి పోతే క్షారం అంత ఘాటు. వంటసోడా పీహెచ్ 8 దాటి కొంచెం. బట్టల సోడా 11 దాకా. కాస్టిక్ సోడా, గ్రీకులో కఫ్స్తికీ సోద, 13, 14. ఆలివ్ నూనె సబ్బుకు వాడేది ఈ మూడోదే. కలిపేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని నీళ్ళలో సోడా కొంచెం కొంచెంగా వెయ్యాలి. సోడా మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు గిన్నె తీసుకోండి.