బావా బామ్మర్ది కబుర్లు: ఇరవై మార్కుల తగాదా

కిరణ్: రికార్డవుతోంది బావా. ఇవాళ్టి టాపిక్, ఆంధ్రాలో 1000 ప్రభుత్వ బళ్లను రాష్ట్ర బోర్డు నుంచి కేంద్ర బోర్డు సీబీఎస్‌ఈలో కలిపి, మళ్లీ వెనక్కి తెచ్చిన కథ. మా శ్రీను బావ అక్కడే బళ్లో మాస్టారు.

శ్రీను: ఏముందిరా? ఒక ప్రభుత్వం పెట్టింది, 2024లో ఇంకోటి వచ్చి తీసేసింది. పిల్లలు ఆ పరీక్షకి సిద్ధంగా లేరన్నారు. అప్పటికి సెప్టెంబరు. పదో తరగతి నడుస్తుండగా, మీరు రాసేది మన బోర్డు పరీక్షే అని చెప్పారు.

కిరణ్: నిజంగానే సిద్ధంగా లేరేమో?

శ్రీను: లేరు. బోర్డు పేరు మార్చినంత తేలిగ్గా పాఠం చెప్పే తీరు మారుతుందా? కొత్తది ఏది వచ్చినా ముందు పోయేది ఆటల పీరియడే.

కిరణ్: వచ్చేసింది నీ ఆటల పీరియడ్! ప్రతిసారీ తెస్తావు, ఈసారి తొందరగానే.

శ్రీను: నవ్వు, నవ్వు.

కిరణ్: మా తెలంగాణలో ఇంకో సీరియల్. 2024 నవంబరులో పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు, అంటే బడిలోనే వేసే 20 మార్కులు తీసేస్తున్నాం, పరీక్షే 100కి అన్నారు. వెంటనే, ఈ ఏడాదికి వద్దులే అన్నారు. 2025 వచ్చేసరికి మళ్లీ పరీక్షకి 80, ఇంటర్నల్స్‌కి 20 అన్నారు. ఉంచి మంచిపని చేశారని నేనంటా.

శ్రీను: ఏం మంచి? మా దగ్గర 2019లోనే తీసేశారు. అదే నయం.

కిరణ్: ఏడాదంతా చదివిన పిల్ల, పరీక్షరోజు జ్వరమొస్తే ఏం కావాలి?

శ్రీను: ఆ 20 ఎవరు వేస్తారు? బడివాళ్లే. ప్రైవేటులో ఎవరికైనా 20కి తక్కువ వేయడం చూశావా? నేను నిజంగా స్లిప్ టెస్టు పెట్టి, నోటు పుస్తకం చూసి 11 వేశాననుకో, మన పిల్లల నోట్లోనే మట్టి కొడతారేంటి మాస్టారూ అంటారు.

కిరణ్: అప్పట్లో నువ్వెంత వేసేవాడివి?

శ్రీను: తర్వాతి ప్రశ్న.

కిరణ్: (నవ్వు) ఇది మాత్రం ఎడిట్ చెయ్యను.

శ్రీను: చెయ్యకు. బయటివాడు దిద్దితే వాడికి పిల్ల పేరు తెలీదు, కులం తెలీదు, తండ్రెవరో తెలీదు. మా ఊరి పిల్లలకి అదొక్కటే రక్షణ.

కిరణ్: కానీ వాడు దిద్దేది గైడులో ఉన్న జవాబే కదా బావా. జనవరికల్లా మీ బళ్లో పాఠం ఆగి బట్టీ మొదలవదూ?

శ్రీను: డిసెంబరుకే. వంద రోజుల ప్రణాళిక. సెలవులు లేవు. రోజూ పరీక్ష, రోజూ దిద్దుడు, రోజూ మార్కులు ఆన్‌లైన్లో ఎక్కించుడు. తప్పు చేసినవాడికి మళ్లీ చెప్పే టైమేది? సాయంత్రం ఓ గంట గ్రౌండులో వదిలితే...

కిరణ్: గ్రౌండు!

శ్రీను: ఉండరా బాబూ. పోయినేడాది ఒక పిల్ల అడిగింది, సార్, నేను పాసయితే చాలనుకునే గ్రూపా అని. మేము వాళ్లకి చెప్పం. వాళ్లే కనిపెట్టేస్తారు. ఆ గ్రూపుకి తప్పకుండా వచ్చే నాలుగు పాఠాలే తిప్పి తిప్పి చెబుతాం. తనకి త్రికోణమితి కావాలట.

కిరణ్: ...చెప్పావా?

శ్రీను: ముందు ఇవి రానీయమ్మా అన్నా.

కిరణ్: చూశావా, పాస్ పర్సెంటేజీ కోసమేగా. నీ బయటివాడు తెచ్చిన తంటా ఇదీ.

శ్రీను: ఇంటర్నల్స్ ఉంటే నేర్పేవాణ్ణా? ఇరవైకి ఇరవై వేసి అదే నాలుగు పాఠాలు... ఆగు, ఫోన్. హెచ్ఎం గారు. ఆ, చెప్పండి సార్. ఎక్కించేశాను సార్. ఏడో తరగతివా? అవి సర్వర్ డౌన్ అని...

కిరణ్: ఆదివారం రాత్రి కూడానా?

శ్రీను: లేదు సార్, టీవీ కాదు, మా బామ్మర్ది.