హోమ్ థియేటర్ కేబుల్స్: మన గోదావరి జిల్లాల్లో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

నమస్కారం అండీ. సంక్రాంతికి ఇంటికి చుట్టాలొస్తారు, అల్లుళ్లొస్తారు, అందుకే ఈ నెలలో భీమవరంలో చూసినా అమలాపురంలో చూసినా టీవీ షాపులు ఖాళీగా ఉండవు. పెద్ద టీవీ, సౌండ్‌బార్, లేదా ఏవీ రిసీవర్‌తో (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫైయర్ పెట్టె) పూర్తి సెట్, ఏది కొన్నా బిల్లు వేసే ముందు షాపులో ఒక మాట అంటారు: "కేబుల్స్ కూడా మంచివి వేసుకోండి సార్, లేకపోతే సౌండ్ రాదు". అక్కడ చాలామంది అనవసరంగా ఖర్చు పెట్టేస్తున్నారు. ఇంకొంతమంది ఖర్చు పెట్టాల్సిన చోట మానేస్తున్నారు, నాకు అది ఇంకా బాధగా ఉంటుంది. కేబుల్ సౌండ్‌ని బాగుచేయదండి. పాడుచేయకుండా ఉంటే చాలు, దాని పని అయిపోయినట్టే. మన డెల్టాలో పాడుచేసేవి ఉప్పు గాలి, తేమ, పిడుగులు, ఎలకలు. కాబట్టి డబ్బు పెట్టాల్సింది వైరు కొసల మీద, రాగి మందం మీద. డబ్బా మీద ఉన్న బంగారు అక్షరాల మీద కాదు.

ముందు హెచ్‌డీఎంఐ, అంటే ప్లేయర్ నుంచి టీవీకి బొమ్మా సౌండూ కలిపి తీసుకెళ్లే కేబుల్, చూద్దాం. నా ముందు బల్ల మీద మూడున్నాయి: టీవీ డబ్బాలో వచ్చింది ఒకటి, సర్టిఫికేషన్ స్టిక్కర్ ఉన్న మామూలు ధర కేబుల్ ఒకటి, గాజు పెట్టెలో పెట్టి అమ్మే ఖరీదైనది ఒకటి. ఒకే టీవీకి, ఒకే ప్లేయర్‌తో, మూడూ మార్చి మార్చి పెట్టి చూశాను. బొమ్మలో తేడా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే అందులో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. కేబుల్ సరిపోకపోతే తెల్ల చుక్కలు మెరుస్తాయి, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా అసలు బొమ్మే రాదు. అంతేగానీ రంగులు వెలిసినట్టు, మొహాలు మసకగా కనిపించడం కేబుల్ తప్పు కాదు, అది టీవీలో పిక్చర్ సెట్టింగ్స్ దగ్గర చూసుకోవాలి.

డబ్బా మీద "2.1 కేబుల్" అని పెద్దగా రాసి ఉంటే ఆ మాట పట్టుకుని కొనకండి. వెర్షన్ నంబర్ టీవీలకీ ప్లేయర్లకీ ఉంటుంది, కేబుల్‌కి ఉండేది వేగం పేరు. ప్రీమియం హైస్పీడ్ అంటే సెకనుకి 18 గిగాబిట్ల డేటా, అంటే సెకనుకి 60 ఫ్రేముల 4కే దాకా హాయిగా వస్తుంది. అల్ట్రా హైస్పీడ్ అంటే 48 గిగాబిట్లు, 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1 స్పెసిఫికేషన్‌తో పాటు వచ్చిన రకం. మీ ఇంట్లో ప్లేస్టేషన్ 5 లాంటిది పెట్టి 4కేలో 120 ఫ్రేములతో ఆడే పిల్లలుంటే అల్ట్రా తీసుకోండి. సినిమాలు, క్రికెట్, సీరియల్స్ చూసే ఇంటికి ప్రీమియం చాలు. రెండిటికీ డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికేషన్ లేబుల్ ఉంటుంది, హెచ్‌డీఎంఐ వాళ్ల యాప్‌తో షాపులోనే స్కాన్ చేసి చూసుకోవచ్చు. నాకైతే బ్రాండ్ పేరు కన్నా ఆ లేబుల్ ముఖ్యం. టీవీ నుంచి సౌండ్‌బార్‌కి ఈఆర్క్ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ లోంచే పంపే పద్ధతి) కోసం ప్రత్యేకమైన కేబుల్ అంటూ విడిగా అమ్ముతుంటారు, అక్కర్లేదండి, "హైస్పీడ్ విత్ ఈథర్నెట్" అన్న మామూలు కేబుల్‌తోనే పనిచేస్తుంది.

పొడవు మాత్రం జాగ్రత్త. రెండు మూడు మీటర్ల దాకా ఏ దిగులూ లేదు. అయిదు దాటాక స్టిక్కర్ ఉన్నదే తీసుకోండి. ప్రొజెక్టర్ పెట్టుకుని పది మీటర్లు లాగాలంటే యాక్టివ్ ఆప్టికల్ రకం (సిగ్నల్‌ని వెలుగుగా మార్చి పంపేది) తీసుకోవాలి, దానికి ఖర్చవుతుంది, అది న్యాయమైన ఖర్చే. దాని ఒక కొస మీద సోర్స్ అనీ, రెండో కొస మీద డిస్‌ప్లే అనీ రాసి ఉంటుంది, తిరగేసి పెడితే బొమ్మ రాదు. గోడలోకి లాగే ముందు ఒకసారి బయటే కలిపి చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, స్పీకర్ వైరు. ఇక్కడ తేడా నిజంగా ఉంటుంది. ఆంప్లిఫైయర్ నుంచి స్పీకర్‌కి వెళ్లేది కరెంటు, దానికి దారి మందంగా ఉండాలి. సన్న బోదె పెట్టి పదెకరాల చేనుకి నీళ్లు పారిస్తే చివరి మడికి ఏమందుతుంది చెప్పండి! హాలు చివర సరౌండ్ స్పీకర్ పది మీటర్ల దూరంలో ఉందనుకోండి, కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్కకి ఇరవై మీటర్ల రాగి. అర స్క్వేర్ ఎంఎం (రాగి మందం కొలత) వైరైతే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, ముప్పావు ఓమ్‌కి పైనే ఉంటుంది, ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కి అది దాదాపు పదో వంతు. వైరు రెసిస్టెన్స్ స్పీకర్ ఓమ్స్‌లో 5 శాతం దాటకూడదని సాధారణంగా పాటించే లెక్క. అదే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వేస్తే పావు ఓమ్ చిల్లర, సమస్యే లేదు. నాలుగు ఓమ్‌ల స్పీకర్లయితే అదే దూరానికి రెండున్నర వేయండి. అంతకు మించి వేలిమందం వైర్లు ఇంటి హాలుకి ఎందుకూ పనికిరావు.

మరి ఏ వైరు? నేను చెప్పేది చాలామందికి నచ్చకపోవచ్చు గానీ, కరెంటు సామాన్ల షాపులో దొరికే రెండు కోర్ల ఫ్లెక్సిబుల్ రాగి వైరు, ఐఎస్ 694 (ఇలాంటి వైర్ల ప్రమాణం నంబరు) అని ఐఎస్‌ఐ మార్కు ఉన్నది, ఫినోలెక్స్ గానీ పాలీకాబ్ గానీ, శుభ్రంగా సరిపోతుంది. కోర్లు రెండు రంగుల్లో ఉంటాయి కాబట్టి ప్లస్, మైనస్ తారుమారు కావు. ఒక స్పీకర్‌కి తారుమారైతే మోత అంతే ఉంటుంది గానీ బేస్ పోతుంది, చాలామంది స్పీకర్లే బాగోలేదనుకుంటారు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఆ వైరు చూడ్డానికి కరెంటు వైరులాగే ఉంటుంది కాబట్టి రెండు కొసలకీ "స్పీకర్" అని రాసిన టేపు చుట్టండి. రేపు ఇంకెవరైనా చూసి ప్లగ్గు బిగించేస్తే ప్రమాదం. "ఆక్సిజన్ ఫ్రీ కాపర్" అన్న మాటకి ఎక్కువ డబ్బు ఇవ్వనక్కర్లేదు, మామూలు ఎలక్ట్రికల్ రాగికీ దానికీ కరెంటు మోయడంలో తేడా ఒక శాతం దగ్గర్లోనే ఉంటుంది.

అసలు డబ్బే ఇవ్వకూడనిది రాగి పూత పూసిన అల్యూమినియం వైరుకి. చుట్ట పెద్దగా, పారదర్శకమైన తొక్కలో నిగనిగలాడుతూ ఉంటుంది, ధర తక్కువ. చేత్తో పట్టుకుంటే తేలిక. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా వస్తే అది రాగి కాదు. అదే మందానికి రెసిస్టెన్స్ రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. పైగా మన తేమకి దాని కొసలు పొడిపొడిగా అయిపోతాయి.

తేమ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, ఉప్పాడ, ఇలా సముద్రం దగ్గర ఊళ్లలో విప్పి ఉంచిన రాగి ముందు నల్లబడి తర్వాత పచ్చగా చిలుము పడుతుంది. సౌండ్ గరగరమంటుంది, ఒక స్పీకర్ మోగి ఆగుతూ ఉంటుంది. అందుకే మన దగ్గర బంగారు పూత ఉన్న ప్లగ్గులకి విలువ ఉంది. సౌండ్ కోసం కాదు, బంగారానికి చిలుము పట్టదు కాబట్టి. స్పీకర్ వైరుకి గట్టిగా బిగించే బనానా ప్లగ్గులు (వైరు కొసకి తొడిగి స్పీకర్ సాకెట్‌లోకి దూర్చే పిన్నులు) పెట్టించండి. ఏడాదికోసారి, వానలు తగ్గాక, స్విచ్ ఆపి ప్లగ్గులన్నీ తీసి మళ్లీ పెట్టండి. చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, వైరు కొస పచ్చబడితే అరంగుళం కోసేసి కొత్త రాగి బయటికి తీయండి. నూనెలు మాత్రం రాయకండి, దుమ్ము పడుతుంది.

ఎర్త్ సంగతి. సిస్టమ్ ఆన్ చేయగానే గుయ్యిమని సన్నగా మోత వస్తుందా? ముందు సెట్ టాప్ బాక్స్ వెనక డిష్ వైరు తీసి చూడండి. మోత ఆగితే, రెండు చోట్ల ఎర్త్ కలుస్తోందన్నమాట, ఖరీదైన కేబుల్ కొంటే అది పోదు. అన్నీ ఒకే బోర్డు నుంచి ఇవ్వండి, లేదా టీవీ నుంచి ఆంప్లిఫైయర్‌కి ఆప్టికల్ కేబుల్ వేయండి, అందులో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు కాబట్టి మోతకి దారి ఉండదు. కాకపోతే పైనుంచి కూడా సౌండ్ వినిపించే డాల్బీ అట్మాస్ అందులో రాదు, 5.1 డాల్బీ డిజిటల్ (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) దాకా వస్తుంది. ఏం చేసినా మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, అది మీ ప్రాణానికి సంబంధించింది. దుబాయ్, కువైట్ నుంచి మనవాళ్లు తెచ్చిన సెట్లకి చదునైన పిన్నుల ప్లగ్గు ఉంటుంది, వదులు అడాప్టర్‌తో నెట్టుకురాకుండా ఐఎస్‌ఐ మార్కున్న మూడు పిన్నుల పవర్ కార్డు వేయించండి.

డిష్ వైరు దగ్గర ఎవరూ పట్టించుకోరు. ఆర్‌జీ 6 వైరు, మధ్య తీగ పూర్తి రాగిది అడగండి. ఆ వైరు లోంచే పైనున్న ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ పట్టే చిన్న డబ్బా) 13 లేదా 18 వోల్టులు వెళ్తాయి, వాన నీరు కనెక్టర్‌లోకి దిగితే చిలుము త్వరగా తినేస్తుంది. కనెక్టర్‌కి రబ్బరు తొడుగు వేసి, గోడలోకి వెళ్లే ముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతాయి. ఉరుములు మొదలవకముందే ఆ వైరు తీసేయండి.

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు గోడలు కోసేటప్పుడే స్పీకర్లకీ టీవీకీ విడిగా పైపులు వేయించుకోండి. ఎలకల బెడదా తగ్గుతుంది. హెచ్‌డీఎంఐ ప్లగ్గు లోహం వెడల్పే 14 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, తొడుగుతో ఇంకా లావు, కాబట్టి దానికి సన్న పైపు వద్దు, 40 ఎంఎం వేసి లోపల నైలాన్ తాడు ఒకటి వదిలేయండి, రేపు కేబుల్ మార్చాలంటే లాగడానికి. కరెంటు పైపుకి కనీసం అడుగు దూరం ఉంచండి. లంక గ్రామాల వాళ్లు, 2022 జులై వరద చూశాం కదా, స్కర్టింగ్ వెంట కాకుండా కిటికీ మట్టం మీదుగా తీసుకెళ్లండి. ప్లాస్టరింగ్‌కి ముందు పైపులు ఎటు వెళ్లాయో ఫోన్‌లో ఫోటోలు తీసి దాచండి, టీవీ స్టాండ్ బిగించడానికి డ్రిల్లు పట్టుకొచ్చిన కుర్రాడికి ముందు అవే చూపించాలి. ఉంటానండి.