గెరెవోల్ చూడడానికి వెళ్లేవారు ఏమి తెలుసుకొని వెళ్లాలి? (చర్చా కార్యక్రమం)

సమన్వయకర్త: నమస్కారం. సహారా ఎడారికి దక్షిణాన, నైజర్, చాద్ దేశాల గడ్డి మైదానాల్లో పశువులను మేపుకుంటూ తిరిగే వొడాబేలు వానాకాలం ముగిసే వేళ గెరెవోల్ అనే వేడుక జరుపుకొంటారు. అందులో అలంకరించుకొని ఆడేది మగవారు, చూసి ఎంచుకొనేది ఆడవారు. ఈనాటి చర్చలో మానవశాస్త్ర అధ్యాపకురాలు, పశువైద్యులు, చాద్‌లో ఆ వేడుక చూసి వచ్చిన యాత్రికులు పాల్గొంటున్నారు. ముందుగా అధ్యాపకురాలు గారిని అడుగుతాను. దీన్ని పురుషుల అందాల పోటీ అనడం సబబేనా?

అధ్యాపకురాలు: పోటీ ఉన్నమాట నిజమే కానీ, అది వ్యక్తుల మధ్య మాత్రమే జరిగే పోటీ కాదండీ. వొడాబేలు ఫులానీ జాతిలో ఒక శాఖ, వారి భాష ఫుల్ఫుల్డే. గెరెవోల్‌లో ఒక వంశం ఆతిథ్యమిస్తుంది, మరొక వంశం అతిథిగా వస్తుంది. వారిలో వివాహం రెండు రకాలు. చిన్నతనంలోనే పెద్దలు, చాలావరకు ఒకే వంశంలోని దాయాదుల బిడ్డల మధ్య, కుదిర్చేది కోబ్‌గల్. స్త్రీ తన ఇష్టప్రకారం వేరే వంశపు పురుషుడితో వెళ్లి చేసుకొనేది తీగల్. గెరెవోల్ ఈ రెండో రకానికి దారి తీసే చోటు. కాబట్టి అతిథి వంశపు యువకుడు గెలిచాడంటే, ఆతిథ్యమిచ్చిన వంశం నుంచి ఒక ఆడపడుచో, ఒక ఇల్లాలో వెళ్లిపోవచ్చునన్న ఆందోళన కూడా ఆ నృత్యపు వరుసల వెనుక ఉంటుంది.

సమన్వయకర్త: అయితే స్త్రీకి పూర్తి స్వేచ్ఛ ఉందని చెప్పవచ్చునా?

అధ్యాపకురాలు: ఆ మాట అంత తేలికగా అనలేను. భర్తను విడిచి వెళ్లే హక్కు ఆమెకు ఉంది, అది చిన్న విషయం కాదు. అయితే అలా వెళ్లిన తల్లి తన పిల్లలను తండ్రి వంశానికే వదిలి వెళ్లవలసి వస్తుంది. ఫొటోల్లో ఎంపిక కనిపిస్తుంది, దానికి చెల్లించే వెల కనిపించదు.

సమన్వయకర్త: యాత్రికులు గారూ, మీరు అక్కడ చూసినది చెప్పండి.

యాత్రికుడు: నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది యాకె అనే నృత్యం. యువకులు భుజం భుజం ఆనించి బారుగా నిలబడి, మునివేళ్ల మీద లేస్తూ, కనుగుడ్లు తిప్పుతూ, పళ్లు బయటపెడుతూ, బుగ్గలు పూరిస్తూ ఆడుతారు. తెల్లని కళ్లు, తెల్లని పళ్లు వారి దృష్టిలో అందానికి గుర్తులు. అందుకే పెదవులకు నలుపు, కళ్లకు కాటుక, ముఖానికి పసుపు లేదా ఎరుపు రంగు, ముక్కు పొడవుగా కనబడేలా నిలువునా ఒక గీత. అలంకరణకే గంటలు పడుతుంది, చేతి అద్దం ప్రతివారి దగ్గరా ఉంటుంది. ముసలమ్మలు వరుస ముందుకు వచ్చి బాగా ఆడేవాడిని మెచ్చుకొంటారు, సోమరిగా నిలబడ్డవాడిని ఎగతాళి చేస్తారు. గెరెవోల్ అనే అసలు నృత్యం మరింత నిగ్రహంగా సాగుతుంది. తలపాగాలో నిప్పుకోడి ఈక, ఒంటి మీద పూసల హారాలు ధరించి ఆడేవారి ముందుకు యువతులు తల వంచుకొని మెల్లగా నడిచి వచ్చి, చేతి కదలికతో తమ ఎంపిక తెలియజేస్తారు.

పశువైద్యుడు: ఇంతసేపూ పశువుల ఊసు రాలేదు, అందుకని కొంచెం చెప్పనివ్వండి. వొడాబేల ఆవులు మన ఒంగోలు జాతిలాగే మూపురం ఉన్నవి, ముదురు ఎరుపు రంగులో, పొడవైన కొమ్ములతో ఉంటాయి. ఆ కుటుంబాలు పాల మీద ఆధారపడి బతుకుతాయి. ఎండాకాలంలో బావుల దగ్గర నీరూ మేతా కొద్దిగానే దొరుకుతాయి గనుక మందలు చెదిరిపోక తప్పదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలతో మడుగులు నిండి, గడ్డి మొలిచినప్పుడే వందలాది కుటుంబాలు తమ మందలతో ఒకచోట కొన్నాళ్లు ఉండగలవు. నైజర్‌లో అగాదెజ్‌కు పడమరన ఉన్న ఇన్-గాల్ ప్రాంతంలో నేల, నీరు లవణాలు కలిగి ఉంటాయి. పశువుల ఆరోగ్యం కోసం వాటిని అక్కడికి తోలుకొని పోవడమే క్యూర్ సాలే అనే పెద్ద సంబరానికి మూలం, సహారాలో సంచరించే మరో జాతివారైన తువారెగ్‌లు కూడా దానికి వస్తారు. కాబట్టి వేడుక తేదీని నిర్ణయించేది గడ్డి. 1968 నుంచి 1974 వరకు, మళ్లీ 1984లో వచ్చిన కరవుల్లో మందలు పోగొట్టుకున్నవారు పట్టణాలకు చేరి కూలికి కుదిరారు. మంద లేనివాడు ఈ వేడుకకు ఏ ముఖం పెట్టుకొని వస్తాడు?

సమన్వయకర్త: అంటే, తేదీ ముందుగా ఖాయం చేసుకొని టికెట్టు కొనేవారికి ఇబ్బందే కదా.

యాత్రికుడు: అవునండీ. సాధారణంగా సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అంటారు కానీ, స్థలమూ రోజూ చివరి వారాల్లోనే తేలుతాయి. అందుకే చేతిలో కొన్ని రోజులు అదనంగా ఉంచుకోవాలి. 2023 జులైలో నైజర్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్న తర్వాత అక్కడికి ప్రయాణం మరింత కష్టమయింది. చాద్‌కు వెళ్లేవారు రాజధాని ఎన్‌జమేనా నుంచి జీపుల్లో బయలుదేరి గుడారాల్లో ఉంటారు. నీళ్లు, మందులు వెంట తీసుకొని పోవాలి. పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ ధ్రువపత్రం లేకుంటే తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే నిలిపివేస్తారు.

సమన్వయకర్త: కెమెరాల సంగతి?

అధ్యాపకురాలు: నాకున్న అభ్యంతరం అక్కడే. సొమ్ము ఇచ్చి, పగటి వెలుగులో, కెమెరాకు అనువైన చోట ఆడించుకుంటే అది పర్యాటకుల కోసం నడిచే ప్రదర్శన అవుతుంది. రెండు వంశాల మధ్య జరిగేదాన్ని కొనలేము.

యాత్రికుడు: నేను పూర్తిగా ఒప్పుకోను. మేము వెళ్లినప్పుడు గుంపు పెద్దలతో మా మార్గదర్శి ముందే మాట్లాడి రుసుము కుదిర్చాడు, వారూ బేరమాడారు. మేము గుడారాలకు వెళ్లిపోయాక కూడా రాత్రంతా పాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మా కోసమే అయితే అప్పటికే ఆపేసేవారు.

పశువైద్యుడు: ఆ రుసుములో మేతకూ, పశువుల మందులకూ ఎంత పోయిందో అడిగారా?

యాత్రికుడు: లేదు, అడగలేదు.

అధ్యాపకురాలు: వెళ్లబోయేవారు నిర్వాహకులకు డబ్బు కట్టకముందే అది అడగాలి.