బడ్జెట్ ఓటుకు ముందే వెళ్లాలి

అందరికీ నమస్కారం.

మనలో చాలామంది అమెరికాలో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపుతూ స్థిరపడినవాళ్లం. అధ్యక్ష ఎన్నికల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. కానీ మన వీధిలో గుంత ఎప్పుడు పూడుతుందో, నీటి బిల్లు ఎంత పెరుగుతుందో, మన ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఏమి కట్టవచ్చో తేల్చేది చాలాచోట్ల ఐదుగురో ఏడుగురో సభ్యులున్న సిటీ కౌన్సిల్. అది డబ్బు లెక్కలు ఎలా చూస్తుంది, చట్టాలు ఎలా చేస్తుంది అన్నదే ఈరోజు నా విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బడ్జెట్ మీద ఓటు పడే రాత్రి మనం వెళ్లి ఎంత గట్టిగా మాట్లాడినా పెద్దగా ప్రయోజనం ఉండదు. వెళ్లవలసింది అంతకు రెండు మూడు నెలల ముందు.

ఎందుకో చెబుతాను. 1908లో వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్ నగరం పరిపాలన చూసుకోవడానికి ఒక మేనేజర్‌ను నియమించుకుంది. ఆ పద్ధతి తర్వాత దేశమంతా పాకింది. ఇలాంటి నగరాల్లో కౌన్సిల్ విధానం నిర్ణయిస్తుంది, సిటీ మేనేజర్ దాన్ని అమలు చేస్తాడు. మేయర్ సమావేశానికి అధ్యక్షత వహిస్తాడు, చాలాచోట్ల ఆయనకూ మిగతా సభ్యుల్లాగే ఒక్క ఓటే. బడ్జెట్ ముసాయిదా తయారుచేసేది మేనేజర్, ఆర్థిక విభాగం. జులై 1న ఆర్థిక సంవత్సరం మొదలయ్యే నగరంలో శాఖలు తమ కోరికల చిట్టాలను చలికాలంలోనే ఇచ్చేస్తాయి. వసంతంలో మేనేజర్ ముసాయిదా కౌన్సిల్ ముందుకు వస్తుంది. ఆ తర్వాత సభ్యులు దాన్ని పద్దులవారీగా పరిశీలించే వర్క్‌షాపులు, ఆపైన ప్రజలు మాట్లాడే బహిరంగ విచారణ, జూన్‌లో ఆమోదం. అక్టోబరులోనో జనవరిలోనో సంవత్సరం మొదలయ్యే నగరాలూ ఉన్నాయి, అక్కడ ఇదే వరుస నెలలు మారి నడుస్తుంది.

నన్ను అడిగితే ఈ మొత్తంలో ప్రాణం వర్క్‌షాపుల్లోనే ఉంటుంది. అక్కడ సాధారణంగా ఓటింగ్ ఉండదు, కుర్చీలు చాలావరకు ఖాళీ. శాఖాధిపతులు వరుసగా వచ్చి తమ పద్దులు వివరిస్తారు. పోలీసు వాహనాలు ఈ ఏడాది మార్చకుండా మరో ఏడాది నడపవచ్చా, గ్రంథాలయం ఆదివారం తెరవడానికి ఎంతవుతుంది, ఖాళీగా ఉన్న ఉద్యోగాన్ని భర్తీ చేయాలా వద్దా అని సభ్యులు అడుగుతారు. ఎవరి మనసూ అప్పటికి గట్టిపడి ఉండదు. ఆ దశలో ఒక నివాసి రాసిన నాలుగు వాక్యాల ఈమెయిల్‌కు కూడా బరువుంటుంది. చివరి రాత్రి అలా కాదు. నగర బడ్జెట్‌లో రాబడికీ ఖర్చుకీ పొంతన ఉండితీరాలన్నది దాదాపు అంతటా ఉన్న నియమం. ఆ రాత్రి మీరు ఒక పద్దుకు లక్ష డాలర్లు పెంచమంటే, ఆ లక్ష ఎక్కడ కోయాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఏ సభ్యుడూ ఆ పనికి సిద్ధపడి రాడు. మీ మాట మూడు నిమిషాలు శ్రద్ధగా విని, కృతజ్ఞతలు చెప్పి, ఓటు వేసేస్తారు.

ఇక డబ్బు సంగతి. నగరానికి ఒకే ఖజానా ఉంటుందనుకోవడం దగ్గరే చాలా కోపాలు పుడతాయి. పార్కుకు కోట్లు పెట్టారు, మా రోడ్డు వేయడానికి డబ్బు లేదంటారా అని అడుగుతాం. న్యాయమైన ప్రశ్నే. కానీ పార్కు డబ్బు దానికోసమే ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల నుంచి, అంటే నగరం తీసుకున్న అప్పు నుంచి, వచ్చి ఉండవచ్చు. ఆ డబ్బుతో రోడ్డు వేయడం చట్టవిరుద్ధం. నీరు, మురుగునీటి బిల్లుల రాబడి వేరే నిధిలోకి వెళ్లి, మామూలుగా ఆ వ్యవస్థకే ఖర్చవుతుంది. కౌన్సిల్ చేతిలో కాస్త స్వేచ్ఛ ఉండేది సాధారణ నిధి ఒక్కదానిలోనే. అందులోనూ పెద్ద భాగం పోలీసు, అగ్నిమాపక శాఖల జీతాలకు, పింఛన్లకు పోతుంది. అందుకే బడ్జెట్ పుస్తకం చేతికొస్తే నేను మొదట తిప్పేది సాధారణ నిధి పేజీ. రెండోది ఆ నిధిలో సంవత్సరాంతానికి మిగిలే నిల్వ. కనీసం రెండు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉంచుకోవాలని ప్రభుత్వ ఆర్థికాధికారుల జాతీయ సంఘం సలహా ఇస్తుంది. ఆ నిల్వ ఏటేటా కరుగుతుంటే, ఈ ఏడాది పన్ను పెంచలేదని సంతోషించడానికి లేదు.

ఆస్తి పన్ను గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఇంటి విలువ పెరిగిందని నోటీసు రాగానే పన్ను అంతే పెరుగుతుందని కంగారుపడతాం. చాలా రాష్ట్రాల్లో లెక్క వెనక నుంచి ముందుకు నడుస్తుంది. ఆస్తి పన్ను ద్వారా మొత్తం ఎంత రావాలో కౌన్సిల్ ముందు నిర్ణయిస్తుంది. ఆ మొత్తాన్ని ఊళ్లోని ఆస్తులన్నింటి విలువతో భాగిస్తే రేటు వస్తుంది. 60 లక్షల డాలర్లు కావాలి, ఆస్తుల మొత్తం విలువ 120 కోట్ల డాలర్లు అనుకుందాం. వెయ్యి డాలర్ల విలువకు 5 డాలర్లు పడుతుంది. 3 లక్షల ఇంటికి 1,500 డాలర్లు. మరుసటి ఏడాది అందరి ఇళ్ల విలువా 10 శాతం పెరిగి, కౌన్సిల్ అదే 60 లక్షలు చాలంటే, రేటు తగ్గుతుంది, మీరు కట్టేది అదే 1,500. కౌన్సిల్ రేటును మార్చకుండా 5 దగ్గరే ఉంచితే మీరు 1,650 కడతారు. ‘మేము రేటు పెంచలేదు’ అన్న మాట అప్పుడు అక్షరాలా నిజమే, కానీ మీ జేబులోంచి 150 డాలర్లు అదనంగా పోయాయి. కాబట్టి అడగవలసింది రేటు గురించి కాదు, వసూలు చేసే మొత్తం గురించి. పన్ను బిల్లులో నగరానికి వెళ్లేది ఒక వాటా మాత్రమేనని కూడా గుర్తుంచుకోండి. పాఠశాల జిల్లా, కౌంటీ వాటాలు వేరే, వాటిని ఈ కౌన్సిల్ నిర్ణయించదు.

కౌన్సిల్ చేతులు పైనుంచి కూడా కట్టి ఉంటాయి. నగరానికి రాష్ట్రం ఇచ్చిన అధికారాలే తప్ప వేరే లేవన్న సూత్రాన్ని అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో చెప్పారు, చాలా రాష్ట్రాల్లో అది ఇప్పటికీ నడుస్తోంది. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన మౌలిక ఆస్తి పన్నును విలువలో 1 శాతానికి పరిమితం చేసింది. ఆ విలువ కూడా ఇల్లు చేతులు మారేదాకా ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. మసాచుసెట్స్‌లో 1980లో వచ్చిన చట్టం ప్రకారం, కొత్త నిర్మాణాల రాబడిని పక్కన పెడితే, వసూలు చేయగల మొత్తం పరిమితి ఏడాదికి 2.5 శాతమే పెరగాలి. అంతకు మించాలంటే ఓటర్ల అనుమతి కావాలి.

ఇలా పన్నులకు దారులు మూసుకున్నప్పుడు నగరాలు ఎటు చూస్తాయి? ఇక్కడే స్థానిక శాసనాలు, అంటే ఆర్డినెన్సులు, డబ్బుతో ముడిపడతాయి. మిస్సోరీలోని ఫెర్గూసన్ సుమారు 21,000 జనాభా ఉన్న చిన్న నగరం. 2014లో అక్కడ మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చిచంపిన తర్వాత కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపి 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. 2015 ఆర్థిక సంవత్సరానికి 1.326 కోట్ల డాలర్ల సాధారణ నిధి రాబడిలో 30.9 లక్షలు జరిమానాలు, రుసుముల నుంచే వస్తాయని నగరం అంచనా వేసుకున్నట్టు అందులో ఉంది. గడ్డి ఎత్తుగా పెరిగినందుకు 531 డాలర్లు, రోడ్డు మీద నడిచిన తీరు సరిగా లేదని 302 డాలర్లు వసూలు చేసిన ఉదంతాలూ ఉన్నాయి. అమ్మకపు పన్ను తగ్గేలా ఉంది, చలానాలు పెరగాలి అని ఆర్థికాధికారి పోలీసు అధిపతికి రాశారు. ఆ భారం ఎక్కువగా నల్లజాతి పేదల మీద పడింది. గడ్డి గురించిన శాసనం చూడటానికి ఎంత చిన్నది! దాని అసలు రూపం బడ్జెట్‌లోని రాబడి పేజీలో ఉంది. ఏ శాసనం వచ్చినా జరిమానా ఎంత, ఆ డబ్బు ఏ నిధికి వెళుతుంది అన్న రెండు ప్రశ్నలు అడగండి. చాలాచోట్ల శాసనానికి రెండు పఠనాలుంటాయి, అంటే అది రెండు వేర్వేరు సమావేశాల్లో కౌన్సిల్ ముందుకు వస్తుంది. మొదటి పఠనానికీ రెండోదానికీ మధ్య ఉన్న ఆ కొన్ని రోజులే మనవి.

మనం చూడకపోతే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని బెల్ నగరం చూపించింది. సుమారు 35,000 జనాభా, ఎక్కువగా శ్రామిక కుటుంబాలు. సొంత చార్టర్, అంటే నగర పాలనకు సొంత మూల నియమావళి, ఉన్న నగరాలకు కౌన్సిల్ జీతాల మీద రాష్ట్ర పరిమితి వర్తించదు. ఆ చార్టర్ కోసం 2005 నవంబరులో ప్రత్యేక ఎన్నిక పెట్టారు. ఓటు వేసినవాళ్లు 400 మంది కూడా లేరు. 2010లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ విలేకరులు బయటపెట్టేనాటికి సిటీ మేనేజర్ రాబర్ట్ రిజ్జో జీతం దాదాపు 8 లక్షల డాలర్లు. కౌన్సిల్ సభ్యుల్లో ఎక్కువమంది నిమిషాల్లో ముగిసే బోర్డుల సమావేశాల పేరిట ఏటా లక్ష డాలర్ల వరకు తీసుకుంటున్నారు. రిజ్జోకు 2014లో 12 ఏళ్ల శిక్ష పడింది. పేదల పన్ను డబ్బు అది. తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బెల్ లాంటివి అరుదు. మామూలు నగరాల్లో దొంగతనం ఉండదు, అలసట ఉంటుంది. సమావేశం మొదట్లో ఒక సమ్మతి జాబితా వస్తుంది. పది పదిహేను అంశాలను చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదిస్తారు. కాంట్రాక్టు పొడిగింపులు, కొనుగోళ్లు అందులోనే ఉంటాయి. ఏ ఒక్క సభ్యుడు కోరినా సాధారణంగా ఒక అంశాన్ని బయటికి తీసి విడిగా చర్చించవచ్చు. కాలిఫోర్నియాలో 1953 నుంచి ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ సమావేశపు అజెండాను 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి. మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి, గడువులే వేరు. అజెండా వచ్చిన రోజే తెరిచి ఆ జాబితా చదవండి. ఏదైనా అర్థం కాకపోతే మీ వార్డు సభ్యుడికి ఫోను చేసి, ఆ అంశాన్ని విడిగా చర్చించమని అడగండి. ఇంటి ఓనర్లే కాదు, అద్దెకున్నవాళ్లూ, ఇంకా పౌరసత్వం రానివాళ్లూ అడగవచ్చు. సమావేశంలో మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు.

మీ ఊరి బడ్జెట్ వర్క్‌షాపు తేదీ ఎప్పుడో సిటీ క్లర్కు కార్యాలయంలో అడిగితే చెబుతారు. ఆస్తి పన్ను నోటీసులు తెచ్చుకున్నవాళ్లు ఉంటే ముందుకు రండి, వాటితోనే ప్రశ్నలు మొదలుపెడదాం.