డప్పులా మోగేదాకా లాగకండి: ఎంబ్రాయిడరీ ఫ్రేము మీద ఫోన్-ఇన్

యాంకర్: లైన్లో ఎవరండీ?

మొదటి కాలర్: తెనాలి నుంచి మేడమ్. ఇంట్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ పెట్టుకుని ఆరు నెలలైంది. పట్టు జాకెట్టు ముక్క మీద వీపు మెడకి నెమలి వేశాను. ఫ్రేములో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా ఉంది. విప్పగానే నెమలి చుట్టూ గుడ్డంతా ముడుచుకుపోయింది. మెకానిక్‌ని పిలిస్తే దారం టెన్షన్ మార్చి 500 తీసుకెళ్లాడు. మళ్లీ అదే గోల.

టీచర్: మెషిన్ సంగతి కాసేపు వదిలేయండమ్మా. ఫ్రేము ఎలా ఎక్కిస్తున్నారు?

మొదటి కాలర్: కింద పేపరు, అదే గుడ్డకి ఊతంగా వేసే స్టెబిలైజర్, పైన గుడ్డ పెట్టి లోపలి రింగు నొక్కేస్తా. స్క్రూ బిగిస్తా. తర్వాత మూలలు పట్టుకుని లాగుతా, డప్పులా మోగేదాకా.

టీచర్: దొరికింది దొంగ! బిగించాక లాగితే గుడ్డ సాగుతుంది. ఆ సాగిన గుడ్డ మీదే కుట్లన్నీ పడతాయి. విప్పగానే గుడ్డ తన కొలతకి వెనక్కి వచ్చేస్తుంది, కుట్టు రాదు. ముడతలంటే అవే. పైగా మూలలు పట్టి లాగుతున్నారు, అంటే ఐమూలగా. నిలువుకీ అడ్డానికీ అంతగా సాగని గుడ్డ కూడా ఐమూలకి ఇట్టే సాగిపోతుంది.

మొదటి కాలర్: వదులుగా పెడితే ఔట్‌లైన్ పక్కకి పోతోందండీ.

టీచర్: వదులుగా పెట్టమనడం లేదు. బిగువు కావాలి, సాగు వద్దు. ముందు గుడ్డ ఇస్త్రీ చేసుకోండి. బయటి రింగు బల్ల మీద పెట్టండి, ఒళ్లో పెట్టుకుని చేయకండి. స్క్రూ బాగా వదులు చేసి, పేపరు ఫ్రేముకి నాలుగువైపులా అంగుళం మిగిలేలా పరవండి. చాలామంది పొదుపని డిజైను కింద మాత్రమే చిన్న ముక్క పెడతారు, అది పట్టుకోదు. పేపరూ గుడ్డా రెండూ రింగుల మధ్యకి రావాలి. లోపలి రింగుని స్క్రూకి ఎదురువైపు ముందు దింపి, తర్వాత స్క్రూ వైపు నొక్కండి. ముప్పావు వంతు బిగించి ఆగండి. ఎక్కడైనా వదులుంటే అప్పుడే, పోగు దారినే, అంటే నిలువుగానో అడ్డంగానో సర్దండి. ఆపైన పూర్తిగా బిగించాక ఇక ముట్టుకోవద్దు.

మొదటి కాలర్: సాగిందో లేదో తెలిసేదెలా?

టీచర్: ఇంట్లో పాత గళ్ల లుంగీ ఉందా? దాన్ని ఎక్కించి చూడండి. గడి తిన్నగా ఉంటే సరే, విల్లులా వంగితే లాగేశారన్నమాట. పట్టు జారుతుంటే లోపలి రింగుకి నూలు టేపు చుట్టండి. ఇంకోటి, నాలుగంగుళాల నెమలికి పెద్ద ఫ్రేము వాడకండి. మధ్యలో గుడ్డకి పట్టుండదు. నేర్చుకునే రోజుల్లో నేనూ ఒక పెళ్లికూతురి ముక్క ఇలాగే పాడుచేసి, కొత్తది కొనిచ్చుకున్నా.

యాంకర్: ఇంకో కాల్ తీసుకుందాం. హలో?

రెండో కాలర్: కరీంనగర్ నుంచి మేడం, టైలర్‌ని. వెల్వెట్ జాకెట్ మీద ఫ్రేమ్ అచ్చు పడ్డది. ఎంత ఇస్త్రీ చేసినా పోతలేదు. కస్టమర్ సాయంత్రం వస్తది.

టీచర్: అయ్యో, ఇస్త్రీ పెట్టె ఆనించారా? ఆ నూగు ఇంకా అణిగిపోతుందండీ. వెనకవైపు నుంచి, తగలకుండా, ఆవిరి మాత్రమే పట్టండి. తడి ఉండగానే మెత్తటి బ్రష్‌తో నూగు లేపండి. రెండు మూడుసార్లు చేయాలి. బాగా నలిగితే పూర్తిగా పోతుందని మాటివ్వలేను.

రెండో కాలర్: ఇగ ముందు ముందు ఎట్ల మేడం?

టీచర్: వెల్వెట్‌ని రింగుల మధ్య పెట్టనే పెట్టొద్దు. పేపరు ఒక్కటే ఫ్రేముకి బిగించండి. దానిమీద ఎంబ్రాయిడరీ స్ప్రే గమ్ కొద్దిగా కొట్టి గుడ్డ పరచండి. మెషిన్ దగ్గర కొట్టకండి, సూదికి జిగురంటుకుంటుంది. తర్వాత డిజైను చుట్టూ పొడుగు కుట్లతో ఒక టాకా వేయించండి. పైన నీళ్లలో కరిగే ప్లాస్టిక్ పొర పరిస్తే కుట్లు నూగులోకి దిగబడవు. ఇంతకీ మీకు అచ్చు ఎక్కడ పడింది?

రెండో కాలర్: ఒక పక్క చంక కిందికి వస్తది. ఇంకో పక్క వీపు మీద కొంచెం కనపడ్తది.

టీచర్: చంక దగ్గరది వదిలేయండి, కుట్టులో పోతుంది. వీపు దగ్గర ఇప్పుడే ఆవిరి పట్టండి. తగ్గకపోతే ఆ గీత మీదుగా సన్నటి తీగ డిజైను ఒకటి కుట్టండి. కానీ కస్టమర్‌ని అడిగాకే కుట్టండి.