గాని ఫవెహిన్మి: లాయర్‌గా ఎన్ని మార్కులు, లీడర్‌గా ఎన్ని?

నమస్కారం అండీ. రివ్యూ అనగానే సినిమానో, కొత్త ఫోనో అనుకుంటారు. ఇవాళ ఒక మనిషి ప్రజాజీవితాన్ని రివ్యూ చేద్దాం. పేరు గాని ఫవెహిన్మి. నైజీరియాలో యొరుబా జాతి వాళ్లు ఉండే నైరుతి ప్రాంతం, అక్కడ ఒండో అనే పట్టణం ఆయన ఊరు. 1938లో పుట్టారు, 2009లో పోయారు. సైనిక ప్రభుత్వాలను కోర్టులకు ఈడ్చిన లాయరు. పార్టీ పెట్టి, దేశాధ్యక్ష పదవికి నిలబడి, చిత్తుగా ఓడిన నాయకుడు కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా సస్పెన్స్ ఎందుకు? ఆయన పేరెత్తితే అందరూ జైలు కథలే మొదలుపెడతారు. ముప్పైకి పైగా అరెస్టులు అని లెక్క చెబుతారు. తక్కువ విషయమేం కాదు. కానీ ఆయన చేసిన అతి పెద్ద పని జైల్లో జరగలేదు. అది అచ్చయిన కాగితాల్లో ఉంది. ఆ సంగతికి వస్తాను.

చిన్నప్పటి కథ గబగబా చెప్పేస్తా. తండ్రి కలప వ్యాపారి, ఊళ్లో ముస్లింలకు పెద్దదిక్కు. కొడుకు 1961లో లా చదవడానికి లండన్ వెళ్లాడు. రెండేళ్లకు తండ్రి పోవడంతో ఇంటి నుంచి డబ్బు ఆగిపోయింది. హోటల్లో క్లీనింగ్ పని చేసుకుంటూ చదువు ముగించి, 1965లో నైజీరియాలో లాయర్‌గా నమోదయ్యారు. నాలుగైదేళ్లకే జోస్ నగరంలో ఒక ఫ్యాక్టరీ కార్మికుడి తరఫున, సైనిక ప్రభుత్వంలోని పెద్ద అధికారి మీద కేసు పట్టుకున్నారు. దానికి బహుమానం నెలల తరబడి నిర్బంధం. పేరొచ్చింది అక్కడే.

ఇక అసలు కథకు వద్దాం. 1986 అక్టోబర్ 19, ఆదివారం. లాగోస్‌లోని ఇకెజాలో డెలె గివా అనే జర్నలిస్టు ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. ఆయన న్యూస్‌వాచ్ అనే వారపత్రికకు ప్రధాన సంపాదకుడు. పార్సిల్ తెరవగానే పేలింది. మనిషి పోయారు. అంతకు రెండు రోజుల ముందే గూఢచారి విభాగం వాళ్లు ఆయన్ని పిలిపించి, ఆయుధాలు దిగుమతి చేస్తున్నారంటూ ప్రశ్నించారు. ఆయన లాయరు ఎవరనుకున్నారు? గానీయే.

అప్పుడు దేశాన్ని ఏలుతున్నది జనరల్ బబంగిడా. పోలీసులు ఎవరి మీదా చార్జిషీటు వెయ్యలేదు. అప్పుడు గాని ఫవెహిన్మి ఏం చేశారంటే, తనే సాక్ష్యాలు పోగేసి, గూఢచారి విభాగాలకు చెందిన ఇద్దరు కల్నల్ స్థాయి అధికారులను, హలిలు అకిలు, ఎ.కె. టోగున్‌లను ముద్దాయిలుగా పెట్టి, లాగోస్ రాష్ట్ర ప్రాసిక్యూషన్ డైరెక్టర్ ముందు ఫైలు పెట్టారు. అక్కడి చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ప్రభుత్వం కేసు నడపాలి, లేదా 'మేం నడపం' అని ఫైలు మీద రాసివ్వాలి. అలా రాసిస్తే మామూలు పౌరుడు కూడా ప్రాసిక్యూట్ చెయ్యొచ్చు. డైరెక్టర్ అదీ చెయ్యలేదు, ఇదీ చెయ్యలేదు. నాన్చారు. ఏదో ఒకటి తేల్చమని ఆదేశించండి అంటూ గాని కోర్టుకెళ్లారు.

హైకోర్టు కాదంది. అప్పీల్ కోర్టూ కాదంది. నువ్వు చనిపోయిన వాడికి ఏమవుతావు, నీకేం సంబంధం అన్నదే ఆ వాదన సారం. 1987 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని తిరగ్గొట్టింది. నేరం జరిగితే సమాజంలో ప్రతివాడికీ సంబంధం ఉంటుంది, మనం ఒకరికొకరం కాపలా అని ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ ఒబసెకి తేల్చారు. మన దగ్గర 1981లో జడ్జీల బదిలీల కేసులో సుప్రీంకోర్టు 'నీకేం సంబంధం' అనే అడ్డును తీసేశాకే ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు (పిల్) దారి బాగా తెరుచుకుంది కదా, దాదాపు అలాంటి మలుపు ఇది. తేడా ఏమిటంటే, అక్కడ కుర్చీలో ఉన్నది సైనిక పాలకుడు.

హత్య కేసులో ఎవరికైనా శిక్ష పడిందా అంటారా? పడలేదు. ఇప్పటికీ పడలేదు. కానీ ఆ తీర్పు మిగిలింది. మిగలడానికి కారణం ఆయన 1985లో మొదలుపెట్టిన వారపత్రిక. పేరు నైజీరియన్ వీక్లీ లా రిపోర్ట్స్. అందులో వార్తలుండవు, వ్యాసాలుండవు. కోర్టు తీర్పులు, అంతే. వినడానికి బోర్ అనిపిస్తుంది. కాస్త ఆలోచించండి. పైకోర్టు ఏం చెప్పిందో కింది కోర్టు లాయరుకు సకాలంలో తెలియకపోతే, ఆ తీర్పు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సైన్యం తన ఇష్టానికి డిక్రీ (ఆజ్ఞే చట్టం) మీద డిక్రీ జారీ చేస్తున్న రోజుల్లో, దానికి ఎదురు నిలిచిన తీర్పు వారం వారం చిన్న ఊరి లాయరు టేబుల్ మీదికి చేరడం మామూలు విషయమా? ఇప్పటికీ నైజీరియా కోర్టుల్లో తీర్పుల పక్కన ఆ పత్రిక పార్ట్ నంబర్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. 1996 జనవరిలో, అప్పటి సైనిక పాలకుడు జనరల్ అబాచా మనుషులు వారెంట్ లేకుండా గానిని ఇంటి నుంచి పట్టుకుపోయారు. ఆయన తరఫున కేసు వేశారు. అది సుప్రీంకోర్టుకు చేరి, 2000 సంవత్సరంలో తీర్పొచ్చింది. ఆఫ్రికా మానవ హక్కుల ఒప్పందాన్ని నైజీరియా తన చట్టంగా మార్చుకుంది కాబట్టి, రాజ్యాంగం కంటే కిందే అయినా, మామూలు చట్టాల కంటే దానికి బలం ఎక్కువ అని కోర్టు చెప్పింది. తీర్పు వచ్చేసరికి అబాచా చనిపోయి దాదాపు రెండేళ్లు! అయినా హక్కుల కేసులు వాదించే వాళ్లకు అది ఆయుధం. ఆ తీర్పు ఎక్కడ అచ్చయిందో చూడండి: పార్ట్ 660, పేజీ 228. గాని పెట్టిన పత్రికలోనే. తనను జైల్లో వేసిన వాళ్ల మీద వచ్చిన తీర్పును తన ప్రెస్సులోనే అచ్చేసిన మనిషి! ఇందుకే నేను జైలు కథల కంటే దీన్ని పైన పెడతాను.

అన్నీ పొగడ్తలైతే అది రివ్యూ కాదు, సన్మానపత్రం. 1984కి వెళ్దాం. అప్పుడు అధికారంలో జనరల్ బుహారీ. కూలిపోయిన పౌర ప్రభుత్వంలోని నాయకుల అవినీతి మీద సైనిక ట్రిబ్యునళ్లు పెట్టారు. వాటిలో వాదించకూడదని దేశంలోని బార్ అసోసియేషన్ బాయ్‌కాట్ ప్రకటించింది. ఫవెహిన్మి లెక్కచెయ్యలేదు. దొంగల మీద విచారణ జరగాల్సిందే అన్నారు, వెళ్లారు. అసోసియేషన్ ఆయన పేరును బ్లాక్‌లిస్టుకెక్కించింది. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, దోచుకున్నవాళ్లను చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ నా దృష్టిలో అది తప్పే. సైనికుడు జడ్జిగా కూర్చునే కోర్టు, ముద్దాయి మనకు నచ్చనివాడైనంత మాత్రాన మంచిదైపోదు. పదకొండేళ్ల తర్వాత, 1995లో, రచయిత, పర్యావరణ ఉద్యమకారుడు కెన్ సారో-వివా మీద పెట్టిన ట్రిబ్యునల్లో గాని డిఫెన్స్ లాయరు. ఇది విచారణే కాదంటూ నిరసనగా బయటికొచ్చేశారు. ఆ నవంబర్‌లో సారో-వివాను ఉరి తీసేశారు. 1984లో బార్ అసోసియేషన్ చెప్పిందీ ఇంచుమించు ఇదేగా అని అడగాలనిపిస్తుంది.

రాజకీయాలకొస్తే, 1993 జూన్ 12 దేశాధ్యక్ష ఎన్నికలు. అభ్యర్థి ఎం.కె.ఓ. అబియోలా గెలుపు ఖాయమైన దశలో బబంగిడా ఎన్నికలనే రద్దు చేసేశాడు. గమ్మత్తేమిటంటే, అబియోలాను అంతకుముందు ఫవెహిన్మి గట్టిగా విమర్శించినవారే. ఇద్దరూ యొరుబాలే, అయినా పడేది కాదు. మనిషి నచ్చకపోయినా ఓటు ఓటే అని రోడ్డెక్కారు, జులైలో కుజె జైలుకెళ్లారు. నా దృష్టిలో నాయకుడిగా ఆయన బెస్ట్ సీన్ ఇదే.

ఆ తర్వాత గ్రాఫ్ పడింది. 1994 అక్టోబర్ 1న, పార్టీలన్నీ నిషేధంలో ఉండగా, నేషనల్ కాన్షెన్స్ పార్టీ ప్రకటించారు. ధైర్యానికి లోటు లేదు. పౌర పాలన వచ్చాక ఎన్నికల సంఘం దాన్ని నమోదు చెయ్యనంటే, మళ్లీ కోర్టే. ప్రభుత్వ ఉద్యోగులు పార్టీలో చేరకూడదు లాంటి షరతులను 2003 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు పుణ్యమా అని ఆ ఏటి ఎన్నికల నాటికి దేశంలో 30 పార్టీలు. ఈయనకొచ్చిన ఓట్లు మాత్రం లక్షా అరవై వేల పైచిలుకు. అర శాతం కూడా కాదు! గెలిచిన ఒబసాంజోకు రెండు కోట్ల నలభై లక్షల పైన. ఆ ఎన్నికల్లో రిగ్గింగ్ ఆరోపణలు కొల్లలు, నిజమే. కానీ ఓట్లు దొంగిలించాలంటే ముందు ఓట్లుండాలి కదా. బూత్ స్థాయి మనుషులు, పొత్తులు, రాజీలు, ఇవేవీ ఆయన వంటికి పడలేదు. కోర్టులో ఒక్కడే నిలబడి గెలవొచ్చు, ఎన్నికల్లో కుదరదు.

బిరుదుల విషయానికొద్దాం, ఇక్కడ కాస్త సరదా ఉంది. అక్కడ లాయర్లకు అత్యున్నత హోదా 'నైజీరియా సీనియర్ అడ్వకేట్'. ఏళ్ల తరబడి ఈయనకివ్వలేదు. 1988లో ఇఫె యూనివర్సిటీ విద్యార్థులు 'ప్రజల సీనియర్ అడ్వకేట్' అని వాళ్లే ఒక బిరుదు తయారు చేసి ఇచ్చేశారు. అసలుది 2001లో వచ్చింది. 2008లో జాతీయ పురస్కారం ఇస్తామంటే, జనాన్ని పేదరికంలోకి నెట్టే ప్రభుత్వం నుంచి నాకొద్దు అన్నారు. అప్పటికే క్యాన్సర్. మరుసటి సెప్టెంబర్‌లో పోయారు.

2018లో జూన్ 12ను ప్రజాస్వామ్య దినంగా ప్రకటించి, చనిపోయిన గానికి అంతకంటే పెద్ద పురస్కారం ఇచ్చారు. ఇచ్చిందెవరు? ఈసారి ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడైన బుహారీ. అవును, 1984 ట్రిబ్యునళ్ల బుహారీయే.

మార్కులు. లాయర్‌గా అయిదుకి నాలుగున్నర, ఆ అర మార్కు 1984కి కోశాను. నాయకుడిగా రెండున్నర, అందులో సగం పైన 1993 ఒక్కదానికే. ఇక బతికుంటే ఆ 2018 పురస్కారం తీసుకునేవారా? నన్నడిగితే, జూన్ 12 ప్రకటనను ఉంచుకుని, మెడల్‌ను తిప్పి పంపేవారు. మీరేమంటారో కింద రాయండి.